సినిమా, రాజకీయం ఒకదాన్నొకటి ఎలా మలిచాయి? 1980–85 తెలుగు సినిమా మీద పరిశోధన ఎక్కడ మొదలుపెట్టాలి?

తుంగభద్ర

ఎం.ఏ. చివరి సెమిస్టరుకి 60 పేజీల వ్యాసం రాయాలి. చేతిలో నాలుగు నెలలుంది. మన దేశంలో సినిమా, రాజకీయం ఒకదాన్నొకటి ఎలా మలిచాయన్నది అంశం. దేశమంతా ఎత్తుకుంటే తేలే పని కాదు కాబట్టి 1980–85 మధ్య తెలుగు సినిమాకి పరిమితమవుదామనుకుంటున్నాను.

తెలుగుదేశం పుట్టింది 1982 మార్చి 29న. పోలింగు 1983 జనవరి 5న. మధ్యలో తొమ్మిది నెలల చిల్లర. 294లో 201 సీట్లు వచ్చాయి. అంతకు ముందూ ఆ తొమ్మిది నెలల్లోనూ వచ్చిన ఎన్టీఆర్ సినిమాలు ఓట్లని ఎంత ప్రభావితం చేశాయో చూపించాలని ఉంది. యూట్యూబులో దొరికే 25 సినిమాలు చూసి, రాజకీయ డైలాగులన్నీ రాసుకుని, జిల్లాలవారీ ఫలితాలతో పోల్చాలన్నది ప్లాను.

ఈ పద్ధతి నిలబడుతుందా? పాత పత్రికలు, పాటల పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? ఈ పని తెలిసినవాళ్ళు చెప్పగలరు.

పాతపేపర్లు

తుంగభద్ర గారూ, కాలాన్ని కుదించుకోవడం మంచిదే. ప్రశ్నే నిలబడదు. "ఓట్లని ఎంత ప్రభావితం చేశాయి" అన్నదానికి జవాబు తేల్చే సమాచారం లేదు. ఒక ఓటరు ఏ సినిమా చూశాడో, ఆ తర్వాత ఎవరికి వేశాడో కలిపి నమోదు చేసిన లెక్క ఉంటేనే ఆ మాట అనగలం. డైలాగుల పట్టికని జిల్లా ఫలితాల పక్కన పెడితే రెండు పట్టికలు కనిపిస్తాయి తప్ప వాటి మధ్య సంబంధం కనపడదు.

పైగా ఆ ఎన్నికలో సినిమా ఒక్కటే పనిచెయ్యలేదు. 1978లో గెలిచిన కాంగ్రెసు ఆ ఒక్క పదవీకాలంలోనే నలుగురు ముఖ్యమంత్రుల్ని చూపించింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో అంజయ్యకి జరిగిన అవమానం ఊరూరా చర్చయింది. 1974లో మొదలైన ఈనాడు పత్రిక అప్పటికి బాగా పాతుకుపోయి ఉంది. పాత షెవర్లే వ్యాను చైతన్యరథంగా మారి రాష్ట్రమంతా తిరిగింది. వీటిల్లోంచి సినిమాని విడదీసి తూకం వెయ్యడానికి తక్కెడ ఎక్కడుంది?

ఇంకో చిక్కు. అదే నటుడు, అదే గొంతు, అవే పాత సినిమాలు. 1989లో పార్టీకి 74 సీట్లే వచ్చాయి, ఆయనే కల్వకుర్తిలో ఓడిపోయారు. 1994లో మళ్ళీ 216. తారబలమే కారణమనుకుంటే 1989 ఎందుకు అలా అయిందో ముందు చెప్పాలి. 2009లో చిరంజీవికి 18 సీట్లు, తిరుపతిలో గెలుపు, పాలకొల్లులో ఓటమి. 2019లో పవన్ కల్యాణ్ నిలబడ్డ రెండు చోట్లా ఓడి, 2024లో ఆయన పార్టీ పోటీచేసిన 21కి 21 గెలిచింది. మారనిదాన్ని మారేదానికి కారణంగా చూపిస్తే పరీక్షకులు మొదటి ప్రశ్నతోనే ఆపేస్తారు.

"రాముడిగా, కృష్ణుడిగా చూసి ఓటేశారు" అన్న మాటని కూడా పరీక్షించకుండా రాయకండి. 1983లో ఓటుహక్కు వయసు 21. అంటే తొలిసారి ఓటేసినవాళ్ళలో చాలామంది 1957లో మాయాబజార్ వచ్చేనాటికి పుట్టనేలేదు. వాళ్ళు పాత పౌరాణికాలని రెండో విడత ఆటల్లో చూసి ఉండొచ్చు. కానీ వాళ్ళ వయసులో కొత్తగా వచ్చి ఆడినవి అడవిరాముడు, వేటగాడు, సర్దార్ పాపారాయుడు, కొండవీటి సింహం లాంటివి. దేవుడి బొమ్మ కంటే పోలీసు, తిరుగుబాటుదారు, జడ్జి బొమ్మే వాళ్ళకి దగ్గరిది.

కాబట్టి ప్రశ్నని ఇలా తిప్పండి: ఈ సినిమాల్లోకి రాజకీయం ఎక్కడ, ఎప్పుడు, ఏ రూపంలో వచ్చి చేరింది? దీనికి సాక్ష్యం తెరమీదే ఉంటుంది. అన్నిటికంటే పదునైన పనిముట్టు రీమేకులు. 1982 అక్టోబరులో వచ్చిన ఎన్టీఆర్ సినిమా "నా దేశం" హిందీ లావారిస్‌కి రీమేకు. కథ బొంబాయిది, కాలం 1981. అందులో తెలుగు రాజకీయం ఉండే అవకాశమే లేదు. అంటే తెలుగులో కొత్తగా కనిపించే ప్రతి మాటా, పాటా, చివరికి ఆ పేరు కూడా ఇక్కడ చేర్చినవే. 1982 డిసెంబరులో కృష్ణ నటించిన ఈనాడు వచ్చింది. అది కూడా అదే పేరున్న మలయాళం సినిమాకి రీమేకే. పోలింగుకి నెల కూడా లేని రోజుల్లో తెలుగుదేశానికి బాసటగా నిలిచిన సినిమా అది. కథ కేరళ నుంచి వచ్చింది కాబట్టి ఏది దిగుమతి, ఏది ఇక్కడి చేర్పు అని సీనుసీనుకీ గీత గీయొచ్చు.

25 సినిమాలు వద్దు, ఆరు చాలు. సీన్లు విడగొట్టి రాసుకుంటే రెండున్నర గంటల సినిమాకి పది పన్నెండు గంటలు పడుతుంది. రీమేకు అయితే మూలం కూడా కలిపి ఇరవై పైనే. పట్టికలో ఇవి ఉండాలి: సీను నంబరు, మొదలయ్యే నిమిషం, మాట్లాడే పాత్ర, ఎవరితో మాట్లాడుతోంది, ఫ్రేములో జనం ఉన్నారా లేదా, మూలంలో ఆ సీను ఉందా, ఉంటే ఏం మారింది. "ఎవరితో" అన్న గడిని తేలిగ్గా తీసుకోవద్దు. విలన్‌తో మొదలైన మాట సగంలో కెమెరా వైపు, అంటే హాల్లో జనం వైపు తిరగడం ఈ సినిమాల్లో మాటిమాటికీ కనిపిస్తుంది. ఎన్నికల ఉపన్యాసానికీ సంభాషణకీ మధ్య గోడ కరిగేది అక్కడే. రెండు సినిమాలని మీతోపాటు ఇంకొకరి చేత కూడా విడిగా నింపించండి. ఇద్దరి పట్టికలూ బాగా తేడాగా ఉంటే గడుల నిర్వచనం సరిగా లేదని అర్థం. అది సరిచేశాకే మిగతావి మొదలుపెట్టండి.

రీలుపెట్టె

యూట్యూబు కాపీని నమ్మి పట్టిక రాయడం మొదలుపెట్టొద్దు. ముందు నిడివి సరిచూడండి.

సినిమా మొదట్లో చూపించే సెన్సారు సర్టిఫికెట్టు మీద నిడివి మీటర్లలో ఉంటుంది. 35 మి.మీ. ఫిల్ము సెకనుకి 24 ఫ్రేముల లెక్కన నిమిషానికి 90 అడుగులు, అంటే 27.43 మీటర్లు నడుస్తుంది. 4,500 మీటర్లని 27.43తో భాగిస్తే 164 నిమిషాలు. మీ కాపీ 140 నిమిషాలే ఉంటే రెండు రీళ్ళకు పైగా లేనట్టే. సాధారణంగా పోయేవి పాటలూ హాస్యం ట్రాకూ అనుకుంటాం. కానీ టీవీ కోసం కుదించినప్పుడు పొడుగాటి ఉపన్యాసాలు కూడా ఎగిరిపోతాయి, మీకు కావలసినవి సరిగ్గా అవే.

ఇక్కడొక ఉచ్చు ఉంది. పాత వీడియో కాపీలు చాలావరకు సెకనుకి 25 ఫ్రేముల వేగంతో ఎక్కించినవి. అప్పుడు ఏ కోతా లేకుండానే 164 నిమిషాల సినిమా 157న్నరకి దిగుతుంది. అంటే నాలుగు శాతం తేడా వేగం వల్ల, అంతకు మించింది కోత వల్ల. మొదటి సర్టిఫికెట్టునే కత్తిరించేసిన కాపీలయితే నిడివిని వేరే చోట వెతుక్కోవాలి.

సర్టిఫికెట్టు మీదే ఇంకో గుర్తు చూడండి. కోతలు పడ్డ సినిమాకి ఎడమ కింది మూలన త్రిభుజం వేస్తారు. ఏం కోశారన్నది సర్టిఫికెట్టు రెండో భాగంలో రాసి ఉంటుంది, తెరమీద చూపించేది మొదటి భాగమే. త్రిభుజం ఉంటే ఆ సినిమాకి సెన్సారు కథ ఒకటి ఉందని గుర్తుపెట్టుకుని ముందుకెళ్ళండి.

పాటల పుస్తకాల విషయంలోనూ జాగ్రత్త. అవి చాలాసార్లు విడుదలకి ముందే అచ్చయ్యేవి. అందుకే పుస్తకంలో ఉన్న చరణం తెరమీద లేకపోవడం మామూలే. ఆ తేడా సెన్సారు వల్లా, నిడివి వల్లా, ప్రింటు చిరిగిపోవడం వల్లా అన్నది వెంటనే తేల్చెయ్యకండి. గ్రామఫోను రికార్డుతో కూడా పోల్చండి. కథాసంభాషణల ఎల్.పి.లు, క్యాసెట్లు వచ్చిన సినిమాలయితే మరీ మంచిది, తెరమీద లేని డైలాగు అందులో దొరకొచ్చు. ఆ రికార్డులు పెళ్ళిళ్ళలో, హోటళ్ళలో, మైకుసెట్ల మీద మోగేవి కాబట్టి అవి కూడా ప్రచార సాధనాలే. వ్యాసంలో ఒక పేజీ వాటికి ఇవ్వండి.

పాటల పుస్తకాలకీ పోస్టర్లకీ పుణేలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఉంది, 1964లో పెట్టారు. వెళ్ళే ముందు మీకు కావలసిన పేర్ల పట్టిక పంపి, ఉన్నవేవో రాయించుకోండి.

నేలటికెట్టు

తేదీల గురించి చెప్పాలి. విడుదల తేదీ అంటే మద్రాసులోనో విజయవాడలోనో మొదటి ఆట పడ్డ రోజు. ఆ రోజుల్లో ప్రింట్లు తక్కువ. "ఎ" సెంటర్లలో, అంటే పెద్ద ఊళ్ళలో, ఆడాక అదే ప్రింటు బాక్సు "బి" సెంటర్లకి, అక్కణ్ణుంచి ఇంకా చిన్నవైన "సి" సెంటర్లకి, చివరికి డేరా హాళ్ళకి చేరేది. ఇందుకు నెలలు పట్టేది. అక్టోబరులో విడుదలైన సినిమా జనవరి పోలింగు నాటికి పల్లెకి చేరిందో లేదో చూడకుండా పల్లె ఓటుకి ముడిపెడితే తప్పు. బొబ్బిలిపులి 1982 జూలైలో వచ్చింది కాబట్టి దానికి ఆ సమయం దొరికింది. డిసెంబరులో వచ్చిన ఈనాడు సినిమాకి దొరికింది చాలా తక్కువ. దీన్ని తేల్చాలంటే దినపత్రికల్లో "నేటి సినిమాలు" గడులు చూడాలి. వారానికి ఒక రోజు, ఉదాహరణకి ప్రతి శుక్రవారం, ఏ ఊళ్ళో ఏ హాల్లో ఏం ఆడుతోందో తొమ్మిది నెలలపాటు ఎక్కించుకుంటే 40 రోజుల పత్రికలతో ఆ బాక్సు ప్రయాణం మ్యాపు మీద కనిపిస్తుంది. యాభై రోజులు, వంద రోజుల ప్రకటనల్ని మాత్రం ఇందుకు వాడకండి. అవి పంపిణీదారులు ఇచ్చుకున్నవి.

ఒకే పత్రికకి వేరువేరు ఎడిషన్లుంటాయి. విజయవాడ ఎడిషన్ చూసి అనంతపురం గురించి రాయడం ఈ తరహా వ్యాసాల్లో మామూలుగా జరిగే పొరపాటు. అలాగే సినిమా వ్యాపారం నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, కృష్ణా, గుంటూరు లెక్కన నడుస్తుంది. ఆ హద్దులు అసెంబ్లీ నియోజకవర్గాలకి సరిపోవు. వసూళ్ళ పట్టిక, ఓట్ల పట్టిక పక్కపక్కన పెట్టాలంటే రెండిటినీ జిల్లా స్థాయికి తేవాలి, కానీ నైజాం లెక్క జిల్లాలుగా విడిపోయి దొరకదు. హాళ్ళ గడులే నయమనేది అందుకే.

తేదీ సరిచూడకపోతే ఏమవుతుందో ఒక పాత ఉదాహరణ. రైతుకి భూమి దక్కే కథతో వచ్చిన రోజులు మారాయి 1955 సినిమా. అదే ఏడు ఆంధ్రరాష్ట్రంలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి, కమ్యూనిస్టులకి 196లో 15 సీట్లే వచ్చాయి. "1955" అన్న ఒక్క అంకె చూస్తే రెండిటినీ కలిపి సిద్ధాంతం కట్టెయ్యాలనిపిస్తుంది. పోలింగు ఫిబ్రవరిలో, సినిమా ఏప్రిల్‌లో. ఆ సినిమా ఆ ఎన్నికని మార్చే ప్రసక్తే లేదు. ఎన్నిక ఫలితం తర్వాత ఆ కథని ప్రేక్షకులు ఎలా అర్థం చేసుకున్నారన్నది మాత్రం మంచి ప్రశ్న.

తియ్యడానికీ విడుదలకీ మధ్య ఎడం ఇంకా లోతైన సంగతి. శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర సెన్సారు వివాదంలో ఏళ్ళతరబడి ఆగి 1984 నవంబరులో బయటికొచ్చింది. తీసినప్పుడు ఎన్టీఆర్ నటుడు. చూపించేనాటికి ముఖ్యమంత్రి, అదీ ఆగస్టులో పదవి పోగొట్టుకుని సెప్టెంబరు 16న మళ్ళీ దక్కించుకున్న ముఖ్యమంత్రి. డిసెంబరులో లోక్‌సభ ఎన్నికలు. రాబోయే రోజుల గురించి కాలజ్ఞానం చెప్పే పాత్ర నోట్లోంచి వచ్చే ప్రతి మాటకీ అర్థం మారిపోయింది, ఒక్క ఫ్రేము మార్చకుండానే. పట్టికలో "తీసిన కాలం", "చూపించిన కాలం" వేరు వేరు గడులుగా పెట్టుకోండి.

తుంగభద్ర

ఇన్ని వివరాలిచ్చినందుకు అందరికీ ధన్యవాదాలు. ప్రశ్న మార్చేస్తున్నాను, ఆరు సినిమాలకి దిగుతాను. ఇంకా రెండు సందేహాలు. ఒకటి, సినిమా నుంచి రాజకీయం వైపే చూస్తున్నాం కదా, అధికారం సినిమాని మలిచిన తీరుకి ఏ ఆధారాలు చూడాలి? రెండు, తమిళనాడు మీద రాసినవి చాలా ఉన్నాయి. ఎం.జి.ఆర్. గురించి పరిశోధకుడు ఎం.ఎస్.ఎస్. పాండియన్ చేసిన విశ్లేషణ చట్రాన్ని ఇక్కడికి తెచ్చుకోవచ్చా?

కృష్ణాతీరం

రెండోది ముందు చెప్తాను. చట్రాన్ని యథాతథంగా తేవద్దు. అక్కడ పార్టీ ముందు, తార తర్వాత. 1949లో డి.ఎం.కె. పుట్టేసరికే అణ్ణాదురై సినిమా రచయిత. 1952లో పరాశక్తికి కరుణానిధి మాటలు రాశారు. ఎం.జి.ఆర్. ఆ పార్టీలో ఎన్నో ఏళ్ళు ఉండి, 1972లో బయటికొచ్చి, 1977లో ముఖ్యమంత్రి అయ్యారు. పార్టీ శాఖలూ అభిమాన సంఘాలూ కలిసి పెరిగిన నేల అది. ఇక్కడ పోలింగుకి తొమ్మిది నెలల ముందు వరకు పార్టీయే లేదు. కాబట్టి "పార్టీ సిద్ధాంతం తెరమీదకి ఎలా వచ్చింది" అన్న తమిళ ప్రశ్న ఇక్కడ తలకిందులవుతుంది. తెరమీద అప్పటికే అలవాటైన భాష పార్టీ ఉపన్యాసంలోకి ఎలా దిగింది అన్నది మన ప్రశ్న. దీనికి ఆధారాలు 1982 నాటి ఎన్నికల ఉపన్యాసాల పత్రికా కథనాలు. పట్టికలో రాసుకున్న డైలాగులని వాటి పక్కన పెట్టండి. "తెలుగువారి ఆత్మగౌరవం" అన్న మాట ముందు ఏ వేదిక మీద కనిపిస్తుందో తేదీతో చూపించగలిగితే ఒక అధ్యాయం తయారైనట్టే.

ఇక అధికారం వైపు నుంచి. మూడు రకాల కాగితం ఉంటుంది: సెన్సారు, హాలు లైసెన్సు, పన్ను. సినిమా వాళ్ళు రాసేటప్పుడు సెన్సారు గురించే ఎక్కువ రాస్తారు. నిజానికి మిగతా రెండూ ఎక్కువ పనిచేస్తాయి.

సెన్సారుకి జాతీయ నేపథ్యం ఒక పేజీలో సరిపెట్టండి. ముందస్తు సెన్సారు రాజ్యాంగబద్ధమేనని కె.ఎ. అబ్బాస్ కేసులో 1970లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎమర్జెన్సీలో కిస్సా కుర్సీ కా అనే హిందీ సినిమా నెగెటివ్‌నే నాశనం చేశారు. ఆ కాలపు ప్రచార సాధనాల దుర్వినియోగానికి షా కమిషన్ నివేదిక చేతికందే ఆధారం. 1983లో బోర్డు పేరులో "సెన్సారు" పోయి "ధ్రువీకరణ" వచ్చింది, కోసే అధికారం అలాగే ఉంది. దీనికి ముందటి తెలుగు మూలం కావాలంటే 1939 నాటి రైతుబిడ్డ చూడండి. జమీందారీ మీద సినిమా, జమీందార్ల ఒత్తిడితో కొన్నిచోట్ల ప్రదర్శన ఆగిపోయింది. తీసిన సారథి సంస్థ వెనక ఉన్న డబ్బు చల్లపల్లి జమీందారుది. సినిమా ఒక వర్గానిది, రాజకీయం ఇంకొకరిది అని సున్నంతో గీత గీసేవాళ్ళకి ఇదే జవాబు.

లైసెన్సు అంటే 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం. హాలు తెరవాలన్నా నడపాలన్నా అధికారి సంతకం కావాలి. ఆ సంతకానికి కేంద్రం పెట్టిన షరతు కూడా ఒకటి తగిలించి ఉండేది: ప్రతి ఆటకీ ముందు ప్రభుత్వం ఆమోదించిన చిత్రం వెయ్యాలి. దాని గరిష్ఠ నిడివి 2,000 అడుగులు, అంటే 22 నిమిషాలు. మీ ఆరు సినిమాలు చూసిన ప్రేక్షకుడు ముందు కేంద్ర ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ న్యూస్‌రీలులో ఢిల్లీని చూసి, తర్వాత ఢిల్లీని ఎదిరించే కథానాయకుణ్ణి చూశాడు. ఒకే టికెట్టుకి ఈ రెండూ పక్కపక్కన దొరికాయన్న సంగతి మీద ఎవరూ తగినంత రాయలేదు.

పన్ను విషయంలో 1980లలో రాష్ట్రంలో వచ్చిన స్లాబ్ పద్ధతి మీ కాలానికి సరిగ్గా పట్టేది. అంతకు ముందు అమ్ముడైన ప్రతి టికెట్టు మీదా పన్ను, దాన్ని ఎగ్గొట్టడానికి లెక్కలో టికెట్లు తగ్గించి చూపేవారు. స్లాబ్ వచ్చాక హాలు నిండినా నిండకపోయినా దాని సామర్థ్యాన్ని బట్టి కట్టాలి. ఫలితం ఏమిటంటే, ఖాళీ హాలుతో నెమ్మదిగా ఆడి నిలదొక్కుకునే చిన్న సినిమాని మోయడం హాలు యజమానికి భారమైంది, మొదటి వారంలోనే జనాన్ని రప్పించే పెద్ద తార సినిమా లాభమైంది. ఏ కథలు తీస్తారన్నది ఇలా పన్ను కూడా నిర్ణయిస్తుంది. దీనికి శాసనసభ చర్చల సంపుటాలు చూడండి, బడ్జెట్ సమావేశాల్లో వినోదపు పన్ను పద్దు దగ్గర. పన్ను కాకపోయినా, టికెట్టు ధర అనే మీట ఇప్పటికీ ప్రభుత్వం చేతిలో ఉంది. 2021 ఏప్రిల్ 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 35తో పంచాయతీల్లో ఏసీ లేని హాళ్ళలో అన్నిటికంటే చవక తరగతి టికెట్టు 5 రూపాయలకి దిగింది. డిసెంబరులో హైకోర్టు దాన్ని నిలిపేసింది, 2022 మార్చిలో కొత్త ధరలొచ్చాయి. ముగింపు అధ్యాయంలో పోలికకి పనికొస్తుంది, అంతకు మించి అటు వెళ్ళకండి, మీ 60 పేజీలు చాలవు.

సీనుపేపరు

పట్టికలో ఇంకో గడి చేర్చమని మనవి: ఏ పాత్ర ఏ యాస మాట్లాడుతుంది. "తెలుగుజాతి" అని కథానాయకుడు అన్నప్పుడు ఆ మాట ఏ జిల్లా తెలుగులో పలికాడు, అదే సినిమాలో తెలంగాణ యాస ఎవరి నోట పెట్టారు, రౌడీకా, నౌకరుకా, హాస్యగాడికా? 1980లోనే విడుదలైన మాభూమి తెలంగాణ రైతుపోరాటాన్ని ఆ నేల భాషలో చూపించింది, కాబట్టి అప్పటికి అది సాధ్యం కాదనడానికి లేదు. ఆరు సినిమాలకి తోడు దాన్ని పోలికగా ఒక్కసారి చూస్తే, ఏకజాతి మాటల కింద ఎవరి గొంతు వినపడకుండా పోయిందో గడుల్లోనే బయటపడుతుంది. 2014 దాకా సాగిన గొడవకి ఒక వేరు అక్కడుంది.

పాతపేపర్లు

తుంగభద్ర గారూ, ఆరో సినిమాగా 1987 నాటి మండలాధీశుడు పెట్టుకోండి, కాలపరిమితి రెండేళ్ళు దాటినా సరే. అప్పటి ముఖ్యమంత్రి మీద తీసిన వ్యంగ్యం, ఆయన్ని పోలిన పాత్రలో కోట శ్రీనివాసరావు. 1982లో తెలుగుదేశానికి అండగా నిలిచిన కృష్ణ కూడా తర్వాత ఎదురుతిరిగి 1989లో ఏలూరు నుంచి కాంగ్రెసు ఎంపీ అయ్యారు. ఇలాంటి వ్యంగ్య సినిమాలు పొగడ్త కోసం పుట్టిన కాషాయవస్త్రం, చేతి ఊపు, ఉపన్యాసపు సాగదీత అన్నిటినీ ఎత్తుకుని తిప్పికొట్టాయి. ఏ గుర్తుని ఎగతాళి చేశారో చూస్తే, జనం మనసులో అప్పటికి ఏ గుర్తు నాటుకుని ఉందో తెలుస్తుంది. జనం అభిప్రాయానికి సర్వే లేని చోట దొరికే ఆధారాల్లో ఇదొకటి.

పత్రికల కోసం ముందు హైదరాబాదు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, తర్వాత వేటపాలెం సారస్వత నికేతనం. విజయచిత్ర, సితార, జ్యోతిచిత్ర బైండ్లు అడగండి. 1982 మార్చి నుంచి 1983 జనవరి వరకు ఏ నెలలున్నాయో ఫోనులోనే కనుక్కోండి, మధ్యలో సంచికలు లేకపోవడం మామూలే. ఫోటో తీసేటప్పుడు పేజీతోపాటు పైన తేదీ, ఎడిషన్ పేరు ఉన్న పట్టీ కూడా ఫ్రేములో పడేలా చూసుకోండి. అది లేని ఫోటో నెల తర్వాత ఎందుకూ పనికిరాదు.